మల్లి పడుకుంది

బుధవారం, అమీర్‌పేట

పెళ్లి ఊరేగింపుల కోసం తమ్ముడు మహేశ్ కొన్న గుర్రప్పిల్ల మల్లి శంకర్‌పల్లి బీడులో పచ్చిక మేస్తూ పెరిగింది. మొన్న దాన్ని బోరబండలోని కొట్టానికి తెచ్చాడు. అప్పటి నుంచి అది నిలబడే ఉంది. పక్కనుంచి ఎంఎంటీఎస్ రైలు పోయినప్పుడల్లా చెవులు నిక్కించి మూలకు జరుగుతుంది. అది చూసి జాలిపడి నిన్న బకెట్ నిండా నానబెట్టిన శనగలు పెట్టాడు. పచ్చికకు అలవాటైన కడుపు కాబట్టి దాణా కొద్దికొద్దిగా పెంచాలని పశువుల డాక్టర్ చెప్పిన మాట వాడికి గుర్తులేదు.

సాయంత్రం నేను పంజాగుట్టలో ఓ మంత్రి ప్రెస్‌మీట్ నుంచి బయటికి వస్తుంటే ఫోన్ చేశాడు.

"అక్కా, మల్లి పండుకున్నది."

సంతోషించాలో భయపడాలో తెలియలేదు. గుర్రం భయం పోయిన చోట నిద్రకు పడుకుంటుంది. కడుపునొప్పి వచ్చినా పడుకుంటుంది, ఆ నొప్పికి ప్రాణం కూడా పోవచ్చు.

"పొర్లుతున్నదా? పొట్ట దిక్కు చూసుకుంటున్నదా? లద్ది ఏసిందా?"

"జర ఆగు. మంత్రిని అడిగినట్టు అడుగుతున్నవ్."

వాడు కొట్టంలోకి వెళ్లాడు. ఫోన్లో రైలు పోతున్న చప్పుడు వినిపించింది.

"లద్ది ఏసింది. పొర్లుతలేదు. గురక పెడుతున్నది అక్కా, అచ్చం బావ లెక్క."

రైలు పోతున్నా లేవలేదన్నమాట.

రేపటి నుంచి దాని ముందు బ్యాండ్ వాయించి అలవాటు చేస్తాడట. కొన్నాళ్లు ఆగమని చెప్పాలి. వింటాడో లేదో. ఇవాళే కదా అది పడుకుంది...