దొర కోటు మీద మజ్జిగ

నాయనా సుబ్బూ,

నీ తిథినాడు ఇంత సంతోషపడతానని అనుకోలేదు. మిల్లు మేనేజరు జర్మనీ దొర పత్తి కోసం మనింటికొచ్చాడు, అదే నల్ల బీరు సీసాతో. అప్పట్లో నువ్వు మిల్లుకెళ్ళినప్పుడు ఆ బీరు పెదవి తగలకుండా ఎత్తి తాగబోయి నురగలో తడిస్తే, "తాగడం నేర్చుకొని రా" అని పదిమందిలో నవ్వినవాడే.

ఈసారి సీసా నాకిచ్చాడు. నేను నురగ అణిగేదాకా ఆగి, చుక్క కారకుండా ఎత్తి తాగాను. మాడిన కరుపట్టి బెల్లం వాసన, కాలిన రొట్టె అంచు కమ్మదనం, చివర కొంచెం చేదు. ఆ రోజు ఇంటికొచ్చి నువ్వు మెచ్చుకున్నది నిజమే, గొప్ప సరుకు.

తర్వాత వీధి అరుగు మీదే దొరకు మజ్జిగ చెంబిచ్చి, "మా యింట్లో ఎంగిలి పనికిరాదు, ఎత్తి తాగండి" అన్నాను. కోటంతా మజ్జిగే. వీధంతా నవ్వింది.

"తాగేది నేర్చుకొని రండి దొరా, తర్వాత పత్తి మాట్లాడుదాం."

మిగిలిన బీరు నీ పటం ముందు పెట్టాను. ఎంగిలి కాలేదు నాయనా.