నీలగిరి గురించి రెండు రాతలు

పుంగనూరు, సోమవారం

నా నీలగిరి చెట్లు తన బావి నీళ్లన్నీ తాగేశాయని తమ్ముడు రెడ్డెప్ప ఏళ్ల తరబడి నన్ను ఆడిపోసుకుంటున్నాడు. నర్సరీవాళ్లిచ్చిన కాగితంలో అలా లేదని నేనూ తగ్గలేదు. మాటలు కూడా ఆగిపోయాయి.

ఒకే చెట్టు గురించిన రెండు రాతలు పోల్చి రమ్మని మూడో తరగతి పిల్లలకు టీచరమ్మ చెప్పిందట. మనవరాలు చందన నా కాగితం, తన పుస్తకం పక్కపక్కన పెట్టుకుంది. గచ్చు మీద ఒకదానిమీదికొకటి కొంచెం వచ్చేలా రెండు సున్నాలు గీసి, రెండింటిలోనూ ఉన్న ‘తొందరగా పెరుగుతుంది’ అనే మాటను నడిమధ్యన రాసింది.

"నీళ్లు బాగా తాగుతుందని నా పుస్తకంలో ఉండాది తాతా. నీ కాగితంలో నీళ్ల మాటే లేదు. తాగదని యాడ రాసుండారో సూపించు."

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను, ఆ మాట ఎక్కడా లేదు. ఇంత చిన్నదానికి ఇలా చదవడం నేర్పిందంటే ఆ టీచరమ్మ గట్టి మనిషే. అయితే చెట్లు కొట్టించి రెడ్డెప్ప గడప తొక్కాలా, వద్దా? శుక్రవారం కలప బేరగాడు వస్తాడు, ఆ లోపల ఆ టీచరమ్మే నాకు చెప్పాలి.