పైడికి నేను చూపించిన రెండు వేళ్లు

విశాఖపట్నం, కూర్మన్నపాలెం,
బుధవారం మధ్యాహ్నం.

గౌరప్పకు,

నీ నడిపి చెల్లెలు నర్స దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? బావ, పిల్లలు బాగున్నారా? చిన్నదానికి ముందు పళ్లు ఊడాయన్నావు, కొత్తవి వస్తున్నాయా? మేమిద్దరం ఇక్కడ క్షేమం అని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను గానీ, అది సగమే నిజం. నేను క్షేమం. మన ఆఖరిది పైడి సంగతి చెప్పడానికే కూర్చున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్లో నువ్వు సగం మాటకే అడ్డం పడతావు, పైగా స్పీకర్ పెడతావు. అమ్మ వింటుంది, పక్కింటివాళ్లూ వింటారు. ఇది నువ్వొక్కదానివే చదవాలి. చదివాక అమ్మకు నువ్వే చెప్పాలి. శనివారం సాయంత్రం పైడి బొబ్బిలి బస్సు దిగి మీ ఇంటికి వస్తుంది. వచ్చి ఒక అబద్ధం చెబుతుంది. దానికంటే ముందు ఈ ఉత్తరం నీ చేతిలో ఉండాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

ముందు మామూలు కబుర్లు చెప్పనీ, లేకపోతే నాకు మాట సాగదు. ఇక్కడి ఎండ మన ఎండలాంటిది కాదు, ఒళ్లంతా జిగట. పొద్దున ఉతికిన బట్ట సాయంత్రానికీ సరిగ్గా ఆరదు. మాది మేడ మీద గది. కింద ఇంటాయన స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ మనిషి. పగలు పడుకుంటాడని మేము చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కుతాం. ఇంటావిడ మేరీ ఆంటీ ఆదివారం చర్చి నుంచి రాగానే మాకో గిన్నెడు కూర పంపిస్తుంది. తిండికి లోటు లేదు, బెంగ పెట్టుకోవద్దు. పొద్దున ఉక్కునగరం గ్రౌండులో ప్రాక్టీసు, మధ్యాహ్నం నుంచి నాకు సీతమ్మధారలో ఎముకల డాక్టరు గారి క్లినిక్కులో చీటీలు రాసే పని. బస్సులో గంట పైనే పడుతుంది. నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను. పొద్దున అంబలికి నువ్వు పంపిన చోడి పిండి అయిపోయింది. వీలైతే ఇంకొంచెం పంపు.

నీకు మా బేస్‌బాల్ ఆట తెలీదు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. మధ్యలో చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి బంతి విసిరేది పైడి. ఎదురుగా కర్ర పట్టుకున్న పిల్ల వెనకాల, మొహానికి ఇనప ఊచల ముసుగేసుకుని గొంతుక్కూర్చుని ఆ బంతి పట్టేది నేను. ఏ బంతి వెయ్యాలో నేనే చెప్పాలి. అరిచి కాదు, తొడల మధ్య చెయ్యి దాచి వేళ్లతో. ఒక వేలంటే నేరుగా, వేగంగా. రెండు వేళ్లంటే దగ్గరికొచ్చి కిందకి వంగిపోయే బంతి. విసిరేదానికి అది ఇష్టం లేకపోతే తల అడ్డంగా ఊపొచ్చు. అప్పుడు నేను వేరేది చూపించాలి. అది దాని హక్కు.

పైడి ఒక్కసారి కూడా ఊపలేదు. మొదటి వారమే మా కోచ్ సారు అడిగాడు, నీకు నచ్చని బంతి ఉండదా అని. "అప్ప సెప్తే కాదని ఎలా ఊపుతాను సార్? మా ఇంట్లో అలాగ నేదు" అంది. జట్టంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. నిజమే కదా, నువ్వు నన్ను వాకిలి ఊడవమంటే నేను దాన్ని ఊడవమనేదాన్ని, అది నోరెత్తకుండా ఊడ్చేది. మన ముగ్గురికీ ఇంకో పద్ధతి ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు నా కడుపులో ఉన్నది చెబుతాను. అప్పా, నాకు పైడిని చూస్తే కుళ్లు. ఇవాళ్టిది కాదు. మామిడితోటకు కాపలా వెళ్లినప్పుడు కోతుల మీదికి రాయి ఎలా విసరాలో దానికి నేర్పింది ఎవరు? నేను. స్కూల్లో డ్రిల్లు మాస్టారు ముందు పిలిచింది ఎవర్ని? నన్ను. బంతి విసిరేదాన్ని నేనే. అది నా వెనకాల నీళ్ల సీసా పట్టుకుని వచ్చేది. ఇక్కడికొచ్చిన మూడో రోజు సారు ఇద్దరి చేతా విసిరించి, "నర్సా, నువ్వు పట్టు. నీకు ఓపిక ఎక్కువ" అన్నాడు. ఓపికట! నీ పాత లంగాలు నాకు, అవి నేను చింపేస్తాను కాబట్టి దానికి కొత్తవి. చిన్నప్పటి నుంచీ నా వాటాకి వచ్చింది ఆ ఓపికే.

ఆడపిల్లలకు జీతమిచ్చి ఈ ఆట ఆడించడం మన వైపు ఇదే మొదలు. జనానికి అంతా కొత్త. మొదటి మ్యాచ్‌లో పైడి బంతిని ఎవరూ తాకలేకపోయారు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది, నువ్వు గోడకు అంటించుకున్నదే. అందులో కుడి పక్క అంచున ఒక తోలు గ్లవ్ సగం కనిపిస్తుంది చూడు, అది నేను. టీ కొట్టు దగ్గర కాలేజీ పిల్లలు పైడితో సెల్ఫీ కావాలని వచ్చారు. అందరూ ఫ్రేములో పట్టడం లేదని ఫోన్ నా చేతికిచ్చి, "అక్కా, నువ్వు తియ్యవా?" అన్నారు. తీశాను. మూడు తీశాను, బాగా రాలేదంటే నాలుగోది కూడా తీశాను. రాత్రి దానికి అన్నం పెడుతూ కూర తక్కువ వేశాను. నీ చెల్లెలు అంత గొప్పది.

మూడో మ్యాచ్ అయ్యాక అది గదిలో మెల్లగా చెప్పింది. "సిన్నప్పా, రెండు వేళ్ల బంతి ఏసినప్పుడల్లా మోసెయ్యి లోపల సుర్రుమంతంది. సారుకి సెప్పకేం, తీసేత్తాడు." నేను సరేనన్నాను. నేను పనిచేసేది ఎముకల డాక్టరు దగ్గర. లోపలి నొప్పిని పట్టించుకోకుండా పని చేస్తే ఏమవుతుందో ఆయన రోజూ ఎవరో ఒకరికి చెబుతుంటే వింటూనే చీటీలు రాస్తాను. ఆ సాయంత్రం దాని మోచేతికి వేణ్ణీళ్ల కాపడం పెట్టాను. నాలుగో మ్యాచ్‌లో రెండు వేళ్లు చాలా తక్కువ చూపించాను. చూశావా, నాకు మంచి కూడా వచ్చు.

మొన్న ఆదివారం ఐదో మ్యాచ్. పొద్దున సారు అందర్నీ నిలబెట్టి, ఇండియా జట్టు క్యాంపుకు మన జట్టు నుంచి ఒక్కరి పేరు వచ్చిందన్నాడు. ఆ ఒక్కరూ ఎవరో చెప్పక్కర్లేదు. అది ఎగిరి నా మెడ పట్టుకుంది. అందరూ చూస్తున్నారని నేనూ పట్టుకున్నాను. అమ్మకు ఫోన్ చేస్తే, "సింహాచలం అప్పన్న దయ, పైడిని బాగా సూసుకోయే నర్సా" అంది. నర్సా, నువ్వెలాగున్నావని అడగలేదు. అడగలేదని అమ్మకు చెప్పొద్దు, బాధపడుతుంది.

ఆట మొదలైంది. జనం "పైడీ పైడీ" అని అరుస్తున్నారు. ముసుగు లోపల నా చెమట కళ్లలోకి దిగుతోంది. నేను రెండు వేళ్లు చూపించాను. వేసింది. మళ్లీ రెండు. వేసింది. దాని చెయ్యి పోవాలని నేను అనుకోలేదప్పా, నీ పిల్లల మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను. అలిసిపోయి బంతి మెత్తబడాలి, అవతలి పిల్ల దాన్ని కంచె దాటించి కొట్టాలి, ఒక్కసారి ఆ అరుపులు ఆగాలి. అంతే అనుకున్నాను. వరసగా ఎనిమిదిసార్లు రెండు వేళ్లే చూపించాను. ఎనిమిదోసారి అది నా వైపు చూస్తూ ఆగింది. తల ఊపుతుందేమో అనుకున్నాను. ఊపితే బాగుండునని కూడా అనుకున్నాను. ఎడం చేత్తో చెమట తుడుచుకుని విసిరింది. బంతి నా దాకా రాలేదు, సగం దారిలో పడి దొర్లింది. అది మోచెయ్యి పట్టుకుని దిబ్బ మీద కూర్చుండిపోయింది.

సోమవారం మా డాక్టరు గారికే చూపించాను. ఫిల్ములు పైకెత్తి చూసి, లోపలి నరం లాంటి పట్టీ తెగిందన్నారు. ఇంటి పనులకు కొన్ని నెలల్లో చెయ్యి వస్తుందట. బంతి మాట మాత్రం మరిచిపోమన్నారు. నువ్వు భయపడకు, పనులకు వస్తుందని గట్టిగా చెప్పారు. కానీ ఆట అయిపోయింది. ఐదు మ్యాచ్‌లు, అంతే పైడి సంగతి. క్లినిక్కులో అది ఏడవలేదు. నేనే ఏడ్చాను. చుట్టూ ఉన్న పేషెంట్లు, చెల్లెలంటే ఎంత ప్రేమో అనుకున్నారు.

ఆ సాయంత్రం సారు నన్ను పిలిచాడు. తిడతాడనుకుని వెళ్లాను. "నీ చెల్లెలు అంతా చెప్పింది నర్సా. నువ్వు నేరుగా వెయ్యమని ఒక వేలే చూపించావట. అదే వినకుండా వంపు బంతులేసిందట. పెద్దదానివి, దాని పొగరు నువ్వేం చేస్తావు?" అన్నాడు. ఆ వెంటనే, "ఆదివారం దిబ్బ మీద నువ్వే" అన్నాడు.

అప్పా, నాకు సంతోషం వేసింది. నీ దగ్గర దాచను. గేటు దాటి టీ కొట్టు దాకా ఆ సంతోషంతోనే నడిచాను. టీ తాగడం పూర్తయ్యాక గానీ అది నా కోసం ఏం చేసిందో తలకెక్కలేదు.

గదికెళ్లేసరికి అది ఒంటి చేత్తో జడ వేసుకోలేక చిక్కులు చేసుకుని కూర్చుంది. వెనకాల కూర్చుని దువ్వాను. మొహం కనబడదు కాబట్టి చెప్పగలిగాను. కావాలనే చూపించాను, కుళ్లుతో చూపించాను అన్నాను.

"తెల్సు" అంది.

"తెలిస్తే తల ఎందుకు ఊపలేదే?"

"ఎనిమిదోసారి ఊపుదామనే అనుకున్నాను సిన్నప్పా. అంతమందిలో నిన్ను కాదంటే నీ పరువేటవుద్ది?"

దువ్వెన పక్కన పెట్టి జడ అల్లడం మొదలుపెట్టాను. సారుకు నిజం చెప్పేస్తానన్నాను. అప్పుడు ఊపింది తల, అడ్డంగా, గట్టిగా. వేసిన జడంతా ఊడిపోయింది. "వద్దు. నాకెలాగా సెయ్యి పోయింది. ఇద్దరం ఇంటికి పోయి ఏటి సేత్తాం? నువ్వాడు. నాను సూత్తాను" అంది.

నిన్న పొద్దున వెళ్లి సారుకు చెప్పేశాను. ఆయన మెళ్లో విజిల్ తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "ఆదివారం నువ్వు ఆడవు. ఆ తర్వాత సంగతి నేనింకా ఆలోచించలేదు. అప్పటిదాకా బంతులు తుడువు" అన్నాడు. తుడుస్తున్నాను. ఇంటికి పొమ్మనలేదు, అదే గొప్ప.

పైడికి మాత్రం కోపం వచ్చింది. అదెప్పుడైనా నా మీద అరిచిందా? నిన్న అరిచింది. "నా సెయ్యీ పోయింది, నీ ఆటా పోయింది. నాను సెప్పిన అబద్ధం నీకు దండగా? సారుకి సెప్పుకుంటే సెప్పుకున్నావు, అమ్మకి మాత్రం నాను సెప్పిందే నిజం. మద్దెన దూరకు" అంది. కింద ఇంటాయన నిద్ర లేచి పైకి వచ్చాడు. అప్పటి నుంచీ అది నాతో మాట్లాడటం లేదు.

అందుకే ఈ ఉత్తరం. అది ఇంటికొచ్చి, అప్ప మాట వినకుండా వేశాను, నా తప్పే అంటుంది. అమ్మ తిడుతుంది. బావ బుద్ధి చెబుతాడు. ఊళ్లో ఆడపిల్లలకు దాన్ని చూపించి, పెద్దల మాట వినకపోతే ఇలాగే అంటారు. వినకపోవడం కాదప్పా, వినడం వల్లే పోయింది. ఆ మాట నువ్వే నోరు తెరిచి చెప్పాలి, అది వద్దన్నా చెప్పాలి. నన్ను ఏమన్నా అను, ఫోన్ చేసి స్పీకర్ పెట్టి మరీ తిట్టు. ఎవరో దిష్టి పెట్టారని అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పబోతే, ఎవరి దిష్టో నాకు తెలుసని చెప్పు.

నా కుళ్లు పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధం. నేను చేసింది సారుకు చెప్పడానికి నాకు ఒక రాత్రంతా పట్టింది. అది నన్ను కాపాడటానికి నిమిషం కూడా ఆలోచించి ఉండదు. అందులోనూ నాకంటే పైనే ఉంది, ఏం చెయ్యను?

అమ్మకూ మీ అత్తగారికీ నా దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. నన్ను దీవించమని అడగడానికి ఇప్పుడు మొహం లేదు, కానీ అడుగుతున్నాను. శనివారం అది రాగానే మీరంతా దాని చుట్టూ చేరతారు, అమ్మ పళ్లెం తెచ్చుకుని పక్కన కూర్చుంటుంది. తలచుకుంటే ఇప్పుడే నాకు ఒళ్లు మండుతోంది. అయినా ముద్దలు కలిపి తినిపించండప్పా. దాని కుడిచెయ్యి నోటిదాకా రావడం లేదు.

నీ చెల్లెలు,
నర్స