సబీహా మొహం తిప్పుకుంది

కశింకోట

బేటీ సబీహాకు మామూ మౌలా సాహెబ్ దువా.

ఫోన్ చేస్తే ఆసుపత్రి కంప్యూటర్లు వింటాయట. అందుకే ఉత్తరం రాసి ఆటో నానాజీ చేతికిస్తున్నాను. మొన్న మన చుట్టాల తబస్సుమ్ నిఖాలో నన్ను చూసి మొహం తిప్పుకున్నావు. బిర్యానీలో ముక్క తక్కువైతే మా అన్న కూడా అలాగే తిప్పుకునేవాడు, అది వేరే కథ. మా ఊళ్లో పెట్టిన వైద్య శిబిరం రిపోర్టులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేది నువ్వేగా! నాకేమైంది?

తా.క. సూదిని చూస్తేనే కళ్లు తిరిగే మనిషిని. చెడ్డ కబురైతే చిన్న అక్షరాలతో రాయి.

అనకాపల్లి

మామూజాన్‌కు సలామ్.

ఎవరి రిపోర్టూ బయటపెట్టనని సంతకం చేశాను. "మీకేమీ లేదు" అని కూడా అనకూడదు. ఒకరితో అలా అంటే, రేపు నేను అననివాళ్లు బెంగతో చస్తారు. శిబిరంలో ఇచ్చిన కార్డు పట్టుకెళ్లి డాక్టరునే అడగండి. అందర్నీ చూసి మొహం తిప్పుకుంటున్నాను మామూ. ఈ పనిలో చేరాక నాకు మనుషులు కనబడటం లేదు, రిపోర్టులే కనబడుతున్నాయి. నిఖాలో ఒకాయన మళ్లీ మళ్లీ మిఠాయి అడుగుతుంటే చెయ్యి పట్టుకు ఆపబోయాను.

మీ సబీహా

తా.క. ఆయనెవరో అడగకండి.

కశింకోట

బేటీకి దువా.

ఆ మిఠాయి మనిషిని నేనే. ఇంత చాటుగా చెప్పావంటే బాగా ముదిరినట్టే. డాక్టరు దగ్గరికెళ్లే ధైర్యం లేదు. బెల్లం వ్యాపారినై ఉండి బెల్లం మానేశాను. ఇంట్లో దిమ్మలన్నీ మన చెరుకు రైతు దేముడికిచ్చేశాను. "నీకేటైనా అయితే నానేటైపోవాలి బావా!" అని ఏడుస్తూనే నవులుతున్నాడు.

ఇంకొన్నాళ్లే నీ మామూ

తా.క. ఖబరస్తాన్‌లో చోటు చూసుకున్నాను. చీమలు ముందే వచ్చేశాయి.

అనకాపల్లి

మామూజాన్,

నాకు నిద్ర లేదు. నోరు విప్పితే జనం నమ్మకం పోతుంది, విప్పకపోతే మీరు గొయ్యి తవ్వించుకుంటారు. రేపు నానాజీ ఆటో ఎక్కి డాక్టరు దగ్గరికి రండి. మీ కాళ్లు పట్టుకుంటాను.

సబీహా

తా.క. ఇచ్చిన బెల్లం మాత్రం వెనక్కి తీసుకోకండి. అయ్యో, ఇదీ రాయకూడదు! కొట్టేశాను, చదవకండి.

కశింకోట

బేటీ సబీహాకు, ఇంకా బతికే ఉన్న మామూ దువా.

డాక్టరు నా రిపోర్టు చూసి "ఒంట్లో చక్కెర మిల్లుందా?" అన్నాడు. మళ్లీ రక్తం ఇమ్మన్నాడు. "శిబిరంలో దేముడిచ్చాడుగా!" అన్నాను. ఆయన పెన్ను పడేసి, "అయితే ఈ చక్కెర వాడిదే, ముందు వాణ్ణి తీసుకురా!" అన్నాడు.

నా తప్పేముంది? రేషన్ షాపులో నేను వేలిముద్ర వేస్తే బస్తా దేముడు మోస్తాడు. శిబిరంలోనూ మొదటి బల్ల దగ్గర నేను ముద్ర వేసి, సూది బల్ల దగ్గరికి వాణ్ణి పంపాను. కంప్యూటరు ముద్రను బట్టే రోగం పట్టేస్తుంది, రక్తం ఉత్త హాజరుకే అనుకున్నాను.

పరుగెత్తి వెళ్లేసరికి దేముడు ఆఖరి దిమ్మ మీదున్నాడు. దిమ్మ లాక్కొని, వాణ్ణి ఆసుపత్రిలో పడేశాను. గండం గడిచిందన్నారు. "రోగవేమో నీ పేర్న, మాత్తర్లేమో నా నోట్లోనా బావా?" అని తిడుతున్నాడు.

తా.క. ఈసారి నిజంగా నా రక్తమే ఇచ్చాను. రేపో మాపో నీ కంప్యూటర్లోకి వస్తుంది. ఏమున్నా చెప్పకు. సంతలో కనబడితే ఎప్పటిలా మొహం తిప్పుకో. నేనూ తిప్పుకుంటాను, జిలేబీ కొట్టు వైపు.