ముందే తిన్న భోజనం

లాస్ కాన్యాస్
అక్టోబరు, సోమవారం

నా ఫౌస్తోకి,

నీ ఉత్తరం బస్సు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. తుఫానుకి పడిపోయిన ఫోను టవరుని ఇంకా ఎవరూ లేపలేదు కాబట్టి మనకి ఈ కాగితాలే గతి. నెలాఖరుకి సామాను సర్దుకుని నువ్వు పనిచేసే బావరో ఊరికి వచ్చెయ్యమన్నావు. హోటలు కట్టే మేస్త్రీలకిచ్చిన గదిలో ఇద్దరం సర్దుకుందామన్నావు. ఒక్క మాటకే తల ఊపే పెళ్ళాన్ని కానని నీకు తెలుసు. అయినా ఈసారి వింటున్నాను, వచ్చేస్తాను. ఎందుకో చెప్పాలంటే ముందు నిన్నటి ఆదివారం సంగతి చెప్పాలి.

ఆరాధన అయ్యాక పాస్టర్ ఎలిసేయో మమ్మల్నందరినీ ముందుకి పిలిచి నిలబెట్టాడు. చర్చి హాలుని సహాయ కేంద్రం చేసిన రోజు నుంచీ పొయ్యి ఆరనివ్వకుండా చూసినవాళ్ళం కదా. నా పక్కన మిరేయా. ఏరు ఆమె క్షౌరశాలని అద్దాలతో సహా ఎత్తుకుపోయింది. మర్నాడే వచ్చి కూర్చుని, జుట్టు కత్తిరించే చేత్తో కర్రపెండలం చెక్కుతూ ఊళ్ళోవాళ్ళందరి గుట్లూ విప్పడం మొదలుపెట్టింది. ఆ పక్కన పెరాల్తా అక్కచెల్లెళ్ళు. ఒకరితో ఒకరికి ఏళ్ళ తరబడి మాటల్లేవు, కానీ ఒకరు అన్నం పెడితే రెండోవారు చిక్కుడుగింజల పులుసు పోస్తారు. పళ్ళు లేని ముసలమ్మ వరసలో కనిపిస్తే చాలు, చెప్పకుండానే అరటికాయ మెత్తగా మెదిపి ఉంచుతారు. మావాళ్ళని చూసుకుంటే నాకెంత గర్వంగా ఉంటుందో ఈ కాగితం మీద పట్టదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చాను కూడా.

ఆ తర్వాత ఇంటికి వచ్చాను. వాన పడుతోంది. తుఫాను ఎత్తుకుపోయిన కప్పు బదులు కట్టిన ప్లాస్టిక్ పట్టా మళ్ళీ చిరిగి పరుపు తడిసింది, బకెట్లు జరుపుకుంటూ కూర్చున్నాను. చప్పట్లకి కప్పు నిలబడదు కదా, ఫౌస్తో.

మిరేయా ఇంటికి కొన్వీతె జరిగింది, ఊరివాళ్ళు కూలి లేకుండా కలిసి కప్పు వేసిపెట్టారు. పెరాల్తా వాళ్ళ ఇంటికీ జరిగింది. నేనూ వెళ్ళి మేకులు అందించాను. మనింటికి మాత్రం ఒక్కడూ సుత్తి పట్టుకుని రాలేదు, నీ కప్పు ఏమైందని అడగను కూడా లేదు. నేను పిలవలేదు నిజమే. నలుగురినీ పనికి పిలిస్తే ఇంటివాళ్ళు వాళ్ళకి కడుపునిండా పెట్టాలి. మన దగ్గర ఏముందని పిలవను? కేంద్రంలో బస్తాలున్నాయి గానీ అవి వరసలో నిలబడినవాళ్ళవి. మన కొన్వీతె కోసం అందులోంచి ఒక్క గుప్పెడు తీసినా రేపు గరిటె పట్టుకునే మొహం నాకుండదు. అడగకుండానే ఎవరైనా వస్తారని చూశాను. రాలేదు. అందుకే ఈ ఊరితో నాకు చాలనిపించింది. గదిలో నా పరుపుకి చోటు చూడు.

నీ
నూరిస్


లాస్ కాన్యాస్
ఆదివారం, ఎండ కాస్తోంది

నా ఫౌస్తోకి,

ముందుగా చెబుతున్నాను, ఈ ఉత్తరం చదివాక నన్ను తిట్టకు. నేను రావడం లేదు.

నిన్న పొద్దున్నే ఏప్రను కట్టుకుని కేంద్రానికి బయల్దేరాను. తలుపు తీస్తే వాకిట్లో దోన్ అంబ్రోసియో. ఏటవతల ఉండే ముసలి వడ్రంగి, మన వరసలో రోజూ మొదట నిలబడి పులుసులో ఉప్పు తక్కువైందని సణిగేవాడు. ఆయన వెనకాల గాడిద మీద రేకులు. తుఫాను చెరకు తోటల్లో పారేసిన రేకుల్ని ఏరుకొచ్చి, సుత్తితో కొట్టి సాపు చేశారు. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ, ఒకదాని మీద ఏదో కొట్టు పేరు సగం. ఆ వెనకాల వీధి నిండా జనం. అందరివీ నేను అన్నం వడ్డించిన మొహాలే.

నాకు సంతోషం రావాలా? కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఏమయ్యారని అడిగేశాను. అంబ్రోసియో టోపీ తీసి, ఇంటాయన ఊళ్ళో లేనప్పుడు పిలవని ఇంటికి పనికొస్తే ఆయన చేతకానివాడని ఊరందరి ముందూ అన్నట్టవుతుందని చెప్పాడు. నేను పిలుస్తానని వాళ్ళు చూస్తున్నారట. వాళ్ళు వస్తారని నేను చూస్తున్నాను. ఇద్దరి మర్యాదా కలిసి నా పరుపుని తడిపింది. చివరికి మిరేయా నోరే పని చేసింది. నేను వెళ్ళిపోతున్నానని వరసలో ఒక్కరికి చెప్పిందట, మధ్యాహ్నానికి ఏరు దాటింది ఆ కబురు.

అయినా నేను గుమ్మానికి అడ్డంగానే నిలబడ్డాను. "పెద్దాయనా, మీకు పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. కేంద్రం బియ్యం ముట్టుకోను. వెళ్ళిపోండి," అన్నాను.

ఆయన గాడిద మీది రేకుల తాడు విప్పుతూనే అన్నాడు: "ఎవరు పెట్టమన్నారమ్మాయీ? ఈ కొన్వీతె భోజనం మేం ముందే తినేశాం. తుఫాను పోయిన మర్నాటి నుంచీ తింటూనే ఉన్నాం. పనే బాకీ పడ్డాం. తప్పుకో."

తప్పుకున్నాను, ఫౌస్తో.

మధ్యాహ్నం వరసకి అన్నం ఎవరు పెడతారని కంగారుపడితే, కేంద్రంలో నా పొయ్యి దగ్గర పాస్టర్ నిలబడ్డాడని చెప్పారు. ఆయన ప్రసంగం బాగానే చేస్తాడు గానీ మంట తగ్గించాలని ఎవరూ చెప్పలేదు. దేగిసాలో అన్నం సగం మాడుచెక్కే. పోనీలే, మాడుచెక్క కోసం కొట్టుకునే ఊరు మనది, అందరికీ పెద్ద పెద్ద ముక్కలు దొరికాయని వరస మురిసిపోయింది. నాకూ ఒక ముక్క ఆకులో చుట్టి పంపారు. పెరాల్తా అక్కచెల్లెళ్ళు నిచ్చెన కింద నిలబడి మేకుల డబ్బా ఒకరి చేతి నుంచి ఒకరు అందుకున్నారు. పెద్దావిడ చెల్లెలితో "జాగ్రత్త" అంది. అందరం విన్నాం, విననట్టు ఊరుకున్నాం.

సాయంత్రానికి కప్పు పూర్తయింది. రంగురంగుల అతుకుల కప్పు, చూస్తే నవ్వొస్తుంది. నాకైతే ఈ ఊళ్ళో ఇంతకంటే అందమైన కప్పు లేదు. ఏ రేకు ఎవరు మోసుకొచ్చారో కింద పడుకుని చెప్పగలను. పోయిన ఆదివారం చప్పట్లు కొట్టించుకున్నది మేము, నిన్న కొట్టాల్సింది నేను. కొట్టాను కూడా, చేతులు మండేదాకా.

ఒక్క పని మిగిలింది. వానకి ఉబ్బిపోయిన పాత వీధి తలుపు పీకేసి, కొత్తది చేసి గోడకి ఆనించి వెళ్ళాడు అంబ్రోసియో. బిగించమంటే వినలేదు. "అది ఫౌస్తో పని," అన్నాడు. గుమ్మానికి దుప్పటి వేలాడదీసుకుని కూర్చున్నాను. నీ సుత్తి తెచ్చుకో.

నీ
నూరిస్