అన్నయ్యకు వేసిన ఆకు

దీపావళి ముందు రోజు రాత్రి, బంటింగ్, మలేషియా

ఒళ్లు మండిపోతోంది. రేపు కొత్త చీర కట్టుకుని వీళ్లందరి ముందు నవ్వాలట.

సాయంత్రం పెద్దలకు పెట్టాం. తాతయ్య, నానమ్మల ఫోటోల ముందు అరిటాకులు వేశారు. నిరుడు పోయిన అన్నయ్యకు మాత్రం లేదు. బాబాయి పిన్నిని చితకబాదినప్పుడు అన్నయ్య పోలీసులకు సాక్ష్యం చెప్పాడని నాన్నకు ఇంకా పగ. నేనే ఇంకో ఆకు వేసి, ఎండుమిర్చి ముద్దతో వండే, అన్నయ్యకిష్టమైన రొయ్యల సంబల్ వడ్డించాను.

"సొంత బాబాయిని లాకప్‌లో ఎట్టించినోడికి నా ఇంట్ల ఆకేటి? తియ్యి," అన్నాడు నాన్న.

"సచ్చిపోయినోడి మీద కూడానా నాన్నా?"

గొడవెందుకని అమ్మ ఆ ఆకు తీసి, భోజనానికి కూర్చున్న బాబాయి ముందు పెట్టింది. "పారేస్తే పాపం గదా. నువ్వు తినీ, మరిదీ," అంది.

అయినవాళ్ల పక్షాన నిలబడ్డవాళ్లు ఎంత నష్టపోతారో మొన్న క్లాసులో నా విద్యార్థులకు గ్రీకు విషాద నాటకాలు చెబుతూ బల్లగుద్ది మరీ చెప్పాను. ఆ నాటకాల్లో తప్పు చేసినవాడు చివరికైనా ఏడుస్తాడు. మా బాబాయి ఇంకాస్త సంబల్ అడిగాడు.

పిన్ని లేచి వడ్డించింది.