ఏ రింగు ఆ రిమ్ముకే

జూన్ 3, మంగళవారం

ఇరవై ఆరేళ్ల తర్వాత బావ లారీ షెడ్డు తెరిచాం. తెరిచాం అంటే, అక్క తాళం తీసింది, తలుపుతో కుస్తీ నేను పట్టాను. పాత లారీలు పోగేసే ఒకాయనకు అక్క బండి ఇచ్చేస్తోంది. ఆయనకు మ్యూజియం అని పేరు పెట్టాను. ఉన్న చక్రాలకే ట్యూబులు, వాల్వులు మార్చి, లేని ఒక్కదాన్నీ ఆయన తెచ్చాక నడిపించాలట. వాటి మీద మా తమ్ముడి చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పడకూడదని అక్క షరతు పెట్టిందట. వినగానే గర్వంగా అనిపించింది.

కుడి ముందు చక్రం లేదు. అక్కడ ఇటుకలే ఉన్నాయి. గాలి కొడుతుంటే టైరును పట్టి ఉంచే ఇనప రింగు ఎగిరి బావ ఛాతీకి తగిలింది ఆ చక్రంలోంచే. నేను పక్కనే ఉన్నాను.

జూన్ 4, బుధవారం

వెనక చక్రాలన్నీ అయ్యాయి. నడుం పడిపోయింది. ట్యూబులు ఎండుటాకుల్లా చిట్లాయి, వాల్వులు మొదలంటా ఊడొచ్చాయి.

ఎడమ ముందు చక్రం వాల్వు పిన్ను నొక్కితే బుస్సుమంది. కొంచెమే. కానీ అది బావ కొట్టిన గాలి. ఆ రోజు ముందు దీనికి కొట్టి, తర్వాత కుడిదాని దగ్గరికి వెళ్లాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాను.

జూన్ 5, గురువారం, ఉదయం 11

ఎడమ చక్రం రింగు రావడం లేదు.

సాయంత్రం

ఇంకా రాలేదు. రెండు లివర్లు వంగాయి. తుప్పు కాదు, బిగువు. మొండిఘటం.

అక్క టీ తెచ్చింది. మెల్లగా చెయ్యరా, తొందరేం లేదు అంది. ఆ రోజు పొద్దున లోడుకు టైమైపోతోందని బావను తరిమింది తనే. అందుకే ఆయన రింగుకు ఎదురుగా వంగాడని, తన నోరే మొగుణ్ని మింగిందని అక్క నమ్మకం. నేను ఏనాడూ కాదనలేదు. బావది తొందర స్వభావమని అందరితోపాటు నేనూ అన్నాను.

జూన్ 6, శుక్రవారం

రింగు వచ్చింది. లోపలి వైపు తుడిచి చూశాను. కంపెనీ ముద్ర వేరు. ఇది ఈ రిమ్ముది కాదు.

కుడి చక్రానిది.

ముందు చక్రాలు రెండూ రెండు కంపెనీలవి. రింగులు మాత్రం చూడ్డానికి కవలలు. వెంట్రుకవాసి తేడా. అందుకే విప్పిన రింగును దాని టైరు మీదే పెట్టాలని, రెంటినీ కలిపి గోడకు ఆనించొద్దని బావ నాకు వందసార్లు చెప్పాడు. ఆ రోజు విప్పింది నేను. ఎక్కించింది నేను. ఇరవై నాలుగేళ్ల వయసు, పనంతా వచ్చనే పొగరు. గోడకే ఆనించాను. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ పక్కపక్కనే కనబడుతున్నాయి. చిన్న రింగు ఇక్కడ కరుచుకుపోయింది. పెద్దది అక్కడ కూర్చున్నట్టు నటించింది. బావ నా పనిని నమ్మి వంగాడు.

అక్క మాట చంపలేదు. నేను చంపాను.

జూన్ 7, శనివారం

చెప్పలేదు.

జూన్ 8, ఆదివారం

రింగును గోనెసంచిలో చుట్టాను. పారేద్దామనే చుట్టాను. అక్క ఎదురొచ్చి ఏంట్రా అది అంది. అక్కడే మెట్ల మీద కూలబడి అంతా చెప్పేశాను.

చాలాసేపు రింగు మీద వేలు తిప్పుతూ కూర్చుంది. నీకు అప్పుడే తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా అనుమానం రాలేదా అంది. రాలేదని చెబుదామనుకున్నాను. ఖాళీ గోనెసంచిని మడతలు పెడుతూ కూర్చున్నాను. అక్క లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

జూన్ 9, సోమవారం, మధ్యాహ్నం 2

పాత ఇనప కొట్టులో సరైన రింగు దొరికింది. ముద్ర మూడుసార్లు చూశాను. కొత్త ట్యూబు వేశాను. వాల్వు నిటారుగా ఉంది. ఎగిరినా గోడకే తగలాలని, రింగు గోడవైపు ఉండేలా చక్రం నిలబెట్టాను.

అక్క వచ్చింది. స్టూలు లాక్కుని చక్రానికీ గోడకూ మధ్య కూర్చుంది. లెమ్మన్నాను. అరిచాను. కాళ్లు పట్టుకున్నాను. ఈసారి సరిగ్గానే పెట్టావు కదా, కొట్టు గాలి అంది.

2:40

లేవలేదు. రింగు మళ్లీ విప్పి చూస్తానన్నాను. చూడు అంది.

4:15

నాలుగోసారి విప్పుతున్నాను.